గాలి.. పోటు.. లాకు: తెరచాప పడవకు ఒక పగలు
బకింగ్‌హాం కాలువలో పడవ ఎలా నడిచేది? ఎందుకు ఆగిపోయింది?

మైపాడు (నెల్లూరు): సముద్రపు ఒడ్డుకు సమాంతరంగా, ఇసుక దిబ్బల వెనుక నిశ్శబ్దంగా సాగే ఉప్పునీటి కాలువను చూసి నేటి యువతరం అది మురుగునీటి కాలువ అనో, రొయ్యల గుంటలకు నీరందించే పాయ అనో భావించడం పరిపాటిగా మారింది. ఒకప్పుడు అదే కాలువ కోస్తా జిల్లాలకు, మద్రాసు మహానగరానికి మధ్య ప్రధాన రహదారి. ఉప్పు, బియ్యం, సర్వి కట్టెలు, ఎండుచేపలు నింపుకొన్న తెరచాప పడవలు దానిమీద బారులు తీరి సాగేవి. ఇంజను లేదు. చమురు ఖర్చు లేదు. గాలి, సముద్రపు పోటు, లాకు తలుపు, ఒడ్డున నడిచే బాట.. ఈ నాలుగింటి సమన్వయంతోనే ప్రయాణమంతా నడిచేది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా పడవ కదిలేది కాదు. కాలువను తిరిగి జలమార్గంగా తీర్చిదిద్దుతామన్న మాట పదిహేనేళ్లకు పైగా వినవస్తున్న నేపథ్యంలో, ఆనాటి పడవ ఒక పగటిపూట ఎలా ప్రయాణించేదో తెలుసుకోవడం ఆసక్తికరమే కాదు, అవసరం కూడా.

రెండు వందల ఏళ్ల నీటిబాట

ఈ కాలువ ఒక్కసారిగా తవ్వినది కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, వ్యాపారి అయిన బాసిల్ కాక్రేన్ పెట్టుబడితో 1806 ప్రాంతంలో మద్రాసు నుంచి ఎన్నూరు వరకు సుమారు 11 మైళ్ల మేర తొలి భాగం సిద్ధమైంది. కొంతకాలం దానిని కాక్రేన్ కాలువ అనే పిలిచారు. అనంతరం ప్రభుత్వం స్వాధీనం చేసుకుని పులికాట్ సరస్సు మీదుగా ఉత్తరానికి విడతలవారీగా పొడిగించింది. తీరం వెంబడి సహజంగా ఉన్న ఉప్పుటేర్లను, పాయలను, పల్లపు నేలలను కలుపుతూ కాలువ పెదగంజాం వరకు చేరింది.

1876-78 నాటి మహా క్షామాన్ని మన పెద్దలు ధాత కరవుగా చెప్పుకొనేవారు. ఆ కరవులో ఆకలితో అలమటిస్తున్న కూలీలకు పని కల్పించేందుకు మద్రాసు నగరంలో కూవం, అడయారు నదులను కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువ తవ్వించారు. దాంతో ఉత్తర, దక్షిణ భాగాలు ఒకటయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు మీదుగా 1878లో దీనికి బకింగ్‌హాం కాలువ అని నామకరణం జరిగింది. పెదగంజాం వద్ద కృష్ణా డెల్టాకు చెందిన కొమ్మమూరు కాలువ దీనితో కలుస్తుంది. అక్కడినుంచి విజయవాడ, ఏలూరు, రాజమహేంద్రవరం మీదుగా కాకినాడ వరకు అవిచ్ఛిన్నమైన నీటిబాట ఉండేది. కాకినాడలో ఎక్కించిన సరకును నేలమీద దించకుండానే మద్రాసు చేర్చే వీలుండేదన్నమాట.

కాలువది ఉత్తర దక్షిణం.. గాలిది తూర్పు పడమర

వెడల్పు తక్కువగా ఉండే కాలువలో తెరచాప ఎలా పనిచేస్తుందన్నది సహజంగా తలెత్తే సందేహం. విశాలమైన సముద్రంలో ఎదురుగాలి వీస్తే పడవను ఏటవాలుగా ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు మళ్లిస్తూ ముందుకు తీసుకుపోవచ్చు. ఇరుకైన కాలువలో ఆ విద్య చెల్లదు. నాలుగు బారలు సాగేసరికి ఒడ్డు తగులుతుంది. పైగా కాలువ పడవకు అడుగు చదునుగా ఉంటుంది. లోతు తక్కువ నీటిలో తేలేందుకు అది అనుకూలమే కానీ, పక్కకు జారకుండా నిలబెట్టే వెన్ను దానికి ఉండదు. కావున ఎదురుగాలిలో ముందుకు పోవడం ఆ పడవకు దాదాపు అసాధ్యం.

అయినప్పటికీ ఈ కాలువలో తెరచాప చక్కగా పనిచేయడానికి కారణం భౌగోళిక స్థితి. తీరం ఉత్తర దక్షిణాలుగా ఉంది. దాని వెంబడే కాలువా ఉంది. తీరప్రాంతంలో రోజువారీ గాలులు మాత్రం తూర్పు పడమరలుగా వీస్తాయి. పగలు ఎండకు నేల త్వరగా వేడెక్కడంతో సముద్రం మీద నుంచి చల్లని గాలి నేల వైపు వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లబడడంతో గాలి తిరగబడి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. రెండూ కాలువకు అడ్డంగా వీచే పక్కగాలులే. పక్కగాలితో పడవ ఉత్తరానికీ పోగలదు, దక్షిణానికీ పోగలదు. ఒకే గాలితో రెండు వైపుల పడవలూ ఎదురెదురుగా తెరచాపలెత్తి సాగడం ఈ కాలువ ప్రత్యేకత.

తెల్లవారుజామున పయనం

కృష్ణపట్నం వైపు నుంచి మైపాడు దిశగా ఉత్తరానికి బయలుదేరిన సరకు పడవను ఉదాహరణగా తీసుకుందాం. దూరం పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూ. నేడు మోటారు సైకిలుపై గంటలోపు ప్రయాణం. ఆనాటి పడవకు అది ఒక నిండు పగలు.

చీకటి ఉండగానే పడవలో కదలిక మొదలయ్యేది. మొదటి పని మంచినీరు. చుట్టూ నీరే అయినా గుక్కెడు తాగేందుకు పనికిరాదు. కాలువలోనిది ఉప్పునీరు. ఇసుక దిబ్బల మాటున తవ్విన దొరువుల్లో ఊరే తీపి నీటిని కుండలకెత్తుకుని పడవలో భద్రపరచుకోవాలి. వంట పడవ మీదే. మట్టి పొయ్యి, సర్వి పుల్లలు, అన్నం, ఎండుచేపల పులుసు. కుండలో నీరెంత ఉందన్నదాన్ని బట్టే మధ్యలో ఎక్కడ ఆగాలన్నది నిర్ణయమయ్యేది.

తెల్లవారుజామున నేల వైపు నుంచి వచ్చే గాలి బలహీనంగా ఉన్నా నిలకడగా ఉంటుంది. తెరచాప ఎత్తి, దాని తాడును చేతికందేలా పట్టుకుని, చుక్కానిని గాలి వచ్చే ఒడ్డు వైపు కాస్త మళ్లించి ఉంచాలి. లేదంటే పక్కగాలికి పడవ ఎదుటి ఒడ్డుకు జారిపోతుంది. అందుకే ముందు భాగంలో ఒకడు గెడ పట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. ఒడ్డు సమీపిస్తే గెడ ఊని పడవను మళ్లీ నడుమకు తోసేవాడు. తెరచాప కొయ్య పొడవుగా ఉండడానికీ కారణముంది. కాలువ కట్టలు, తాటిచెట్లు, సర్వి తోటలు కిందిగాలిని అడ్డుకుంటాయి. చెట్ల తలల మీదుగా వచ్చే గాలిని అందుకునేందుకు చాప ఎత్తుగా ఉండక తప్పదు.

పొద్దెక్కితే తాడే దిక్కు

సూర్యుడు బాగా పైకి వచ్చేసరికి నేలగాలి ఆగిపోతుంది. సముద్రపు గాలి ఇంకా మొదలుకాదు. ఈ నడుమ వేళ కాలువ అద్దంలా నిశ్చలంగా ఉంటుంది. పడవవాళ్లకు అత్యంత శ్రమ కలిగించేది ఈ సమయమే. తెరచాప దించి, కొయ్యకు పొడవాటి తాడు కట్టి, ఇద్దరు ముగ్గురు ఒడ్డుకు దిగి భుజాన వేసుకుని లాగుతూ నడిచేవారు. తాడును పడవ ముక్కుకు కాక కొయ్యకు ఎత్తున కట్టడంలో కిటుకు ఉంది. ఒడ్డున పెరిగిన పొదలకు తాడు చిక్కుకోకుండా పైనుంచి దాటిపోతుంది. చుక్కాని దగ్గర ఒకరు ఉండి పడవ ఒడ్డుకు రాసుకోకుండా చూసుకునేవారు.

ఈ లాగుడు కోసమే కాలువ కట్ట మీద బాట ఉండేది. పొదలు కొట్టించడం, గండ్లు పూడ్చడం, వాగు కలిసే చోట దాటేందుకు ఏర్పాటు చేయడం నిర్వహణలో భాగం. బాట లేనిచోట గెడలే ఆధారం. పడవ అంచు మీద ముందు నుంచి వెనక్కి నడుస్తూ గెడను ఛాతీకి ఆనించి తోసేవారు. ఎదురుగా మరో పడవ వస్తే ఒకరు తమ తాడును సడలించి నీటిలో మునగనివ్వాలి. రెండో పడవ దానిమీదుగా దాటిపోతుంది. వంతెన వస్తే చాప దించి, కొయ్యను పడుకోబెట్టి, దాటాక మళ్లీ నిలబెట్టాలి. దారిలో ఎన్ని వంతెనలుంటే అన్ని సార్లు ఈ ప్రయాస తప్పదు.

తాడు లాగేటప్పుడు వేగం గంటకు రెండు మూడు కిలోమీటర్లకు మించేది కాదు. ఇంత శ్రమకు ప్రతిఫలం ఏమిటన్నది లెక్క వేస్తే తేలుతుంది. పది టన్నుల సరకు పట్టే పడవను నలుగురైదుగురు మనుషులు నడపగలరు. అదే సరకు మట్టి బాటమీద తరలించాలంటే పదికి తక్కువ కాకుండా ఎద్దుల బండ్లు, ఇరవై ఎద్దులు, పదిమంది తోలేవారు కావాలి. నీటిమీద బరువును కదిలించేందుకు అవసరమయ్యే బలం నేలమీద కంటే ఎన్నో రెట్లు తక్కువ. కాలువ రహస్యమంతా ఇదే. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ రైలు మార్గాల కంటే నౌకాయానానికి పనికివచ్చే కాలువలే దేశానికి చౌక అని జీవితాంతం వాదించడానికి ఆధారమూ ఇదే.

మధ్యాహ్నం సముద్రం పిలుపు

మిట్ట మధ్యాహ్నానికి కాస్త అటూ ఇటూగా తూర్పున దిబ్బల మీది సర్వి కొమ్మలు కదలడం మొదలవుతుంది. సముద్రపు గాలి వచ్చిందన్నమాట. లాగేవాళ్లు పరుగున వచ్చి పడవ ఎక్కేవారు. చాప ఎత్తగానే పడవ ఒక్కసారిగా ఒరిగి, సర్దుకుని, ముందుకు దూకేది. వేసవిలో ఈ గాలి ఆగ్నేయం వైపు నుంచి బలంగా వీస్తుంది. ఉత్తరానికి పోయే పడవకు అది సగం పక్కగాలి, సగం వెనుకగాలి. మనిషి వడిగా నడిచే వేగాన్ని పడవ అందుకునేది. ఉదయమంతా లాగినా పూర్తికాని దూరం ఈ మూడు నాలుగు గంటల్లోనే తరిగిపోయేది. అన్నం తినేందుకు, చిరిగిన చాపకు అతుకు వేసుకునేందుకు, నడుం వాల్చేందుకు ఇదే సమయం.

అయితే చుక్కాని పట్టినవాడికి విశ్రాంతి లేదు. వేసవి సాయంత్రాల్లో పడమట మబ్బు కమ్మి హఠాత్తుగా గాలివాన లేస్తే బరువు పడవ నిమిషాల్లో ఒడ్డుకు కొట్టుకుంటుంది. పడమటి ఆకాశం రంగు మారగానే చాప దించి, పడవను కట్టకు కట్టివేయడం నియమం. జూన్ తరువాత పడమటి గాలుల ప్రభావంతో సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది. అక్టోబరు నుంచి ఈశాన్య గాలులు మొదలవుతాయి. అప్పుడు మద్రాసు వైపు దక్షిణానికి పోయే పడవకు గాలివాటు, ఉత్తరానికి వచ్చే పడవకు ఎదురుగాలి. గాలి ఎటు ఉంటే సరకు అటు సులువుగా కదిలేది. తుపాన్లు సంభవించేది కూడా ఆ నెలల్లోనే కావడం పడవవాళ్లకు ఎప్పుడూ పెద్ద ముప్పు.

పోటు లెక్క తిథిలోనే

గాలి తరువాత రెండో బలం సముద్రపు పోటు. నదీముఖాలు, ఉప్పుటేర్ల ద్వారా సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు కాలువలోకి ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. ఎక్కేదాన్ని పోటు అని, దిగేదాన్ని పాటు అని తీరప్రాంతంలో వ్యవహరిస్తారు. ఈ తీరంలో పెద్ద పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టం తేడా సుమారు ఒక మీటరు. రెండు మూడు అడుగుల నీటిలో నడిచే పడవకు ఆ తేడాయే చావుబతుకుల సమస్య. పాటు సమయంలో మేటమీద చిక్కుకుంటే తిరిగి పోటు వచ్చేదాకా ఆరేడు గంటలు ఎండలో పడిగాపులు కాయవలసిందే.

అందువల్ల పడవ నడిపేవాడికి పంచాంగం తెలిసి ఉండాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. పోటు వచ్చే సమయం రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చంద్రుడు ఉదయించే వేళ కూడా సగటున అంతే వెనక్కి జరుగుతుంది. పాత లెక్కలో ఇది రెండు ఘడియలకు కాస్త ఎక్కువ. అంటే నిన్న ఫలానా చోట పోటు ఏ వేళకు వచ్చిందో తెలిస్తే, నేడు దానికి రెండు ఘడియలు కలుపుకొంటే చాలు. గడియారం లేని కాలంలో ఈ లెక్కతోనే పడవ ప్రయాణాలన్నీ సాగాయి.

లాకు దగ్గర నిరీక్షణ

పోటుకు ఎక్కిన నీరంతా పాటుకు సముద్రంలోకి జారిపోతే కాలువ ఎండిపోతుంది. అలా జరగకుండా నీటిని పట్టి ఉంచేవే లాకులు. నదిగానీ ఉప్పుటేరుగానీ కాలువను అడ్డంగా దాటే చోట రెండు ఒడ్డుల్లోనూ లాకు అవసరం. పనితీరు సరళం. రెండు జతల తలుపులు, వాటి నడుమ రాతి గోడల తొట్టి. పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపులు మూస్తారు. ముందున్న తూములు ఎత్తుతారు. అవతలి నీటిమట్టం ఎక్కువైతే తొట్టిలోకి నీరు చేరుతుంది, తక్కువైతే తొట్టిలోంచి బయటకు పోతుంది. రెండు మట్టాలూ సమానం కాగానే ముందు తలుపులు వాటంతటవే తేలికవుతాయి. పడవ బయటపడుతుంది. ఏ యంత్రమూ అక్కరలేదు. నీటి బరువే నీటిని ఆపుతుంది.

లాకు వద్ద లస్కరు ఉండేవాడు. పడవలు వరుసగా నిలిచేవి. రుసుము చెల్లింపు, చీటీ పరిశీలన అక్కడే. పొద్దుపోయాక చేరిన పడవలు రాత్రికి లాకు రేవులోనే ఆగేవి. ఉత్తరపు ధరలు, దక్షిణపు వార్తలు చేతులు మారేది కూడా ఆ రేవులోనే.

లాకు మరో కీలక బాధ్యత కూడా నిర్వహించేది. ఈశాన్య రుతుపవనాల కాలంలో పెన్నకు వరద వస్తే ఆ నీటితోపాటు ఒండ్రు, ఇసుక కొట్టుకొస్తాయి. ఆ రోజుల్లో తలుపులు మూసి వరదను కాలువలోకి రానీయకుండా చూసేవారు. తలుపు చెడిపోయి ఒక్క వరద లోనికి వచ్చినా మైళ్ల కొద్దీ మేట పడుతుంది. పడవకు దారి ఇచ్చేదే కాదు, కాలువ ప్రాణం కాపాడేదీ లాకేనన్నది ఇక్కడ గమనార్హం.

పెన్న ముఖద్వారం వద్ద పరీక్ష

మైపాడుకు ఉత్తరాన సుమారు పది కిలోమీటర్ల దూరంలో పెన్న సముద్రంలో కలుస్తుంది. మైపాడు చేరిన పడవ సాధారణంగా ఆ రాత్రికి ఆగి మరునాడు నది దాటేది. కాలువలో కట్టల మాటున సాగిన పడవకు నదీముఖం వద్ద ఆ రక్షణ ఉండదు. ఒకవైపు నది ఒరవడి, మరోవైపు సముద్రపు అల, పైన అడ్డూ ఆపూ లేని గాలి. అడుగున ఇసుక మేటలు నెలనెలా చోటు మారుస్తాయి. పోటు నిండుకు వచ్చి నీరు కదలక నిలిచే కాస్త వ్యవధిలోనే దాటాలి. పాటు మొదలైతే నీరు పడవను సముద్రం వైపు ఈడ్చుకుపోతుంది. గాలి, పోటు, లాకు మూడూ ఒకే వేళకు అనుకూలించకపోతే ఒడ్డునే మరో రోజు గడపవలసి వచ్చేది.

డెల్టా కాలువల తీరు వేరు

గోదావరి, కృష్ణా డెల్టాల్లోని ఏలూరు, కాకినాడ, కొమ్మమూరు కాలువల్లోనూ తెరచాప పడవలు తిరిగినా అక్కడి పద్ధతి భిన్నం. అవి మంచినీటి కాలువలు. సాగునీటికోసం తవ్వినవే నౌకాయానానికీ ఉపయోగపడ్డాయి. నీరు ఎప్పుడూ ఆనకట్ట నుంచి పల్లానికి ఒకే దిక్కుగా పారుతుంది. కిందికి పోయే పడవకు ప్రవాహం తోడు. పైకి వచ్చే పడవకు అదే ఎదురు. అందువల్ల ఎగువకు వచ్చేటప్పుడు తాడు లాగుడే ఎక్కువ. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తే పడవలు రేవుల్లో నిలిచిపోయేవి. బకింగ్‌హాం కాలువకు ఆ ఇబ్బంది లేదు. దాని నీరు సముద్రం ఇచ్చేది. పోటు ఉన్నంత కాలం, పూడిక లేనంత కాలం ఏడాది పొడవునా నడిచేది.

ఎందుకు ఆగిపోయింది?

తొలి దెబ్బ రైలు రూపంలో వచ్చింది. 1899లో మద్రాసు, విజయవాడల మధ్య తీరం వెంబడి రైలు మార్గం పూర్తయింది. తొందరగా చేరవలసిన సరకు రైలెక్కింది. తొందర లేని బరువు సరకు మాత్రం కాలువను వీడలేదు. కట్టెలు, ఉప్పు, సున్నపు గుల్ల వంటివి ఆ తరువాత కూడా చాలాకాలం పడవల్లోనే తరలాయి. శ్రీహరికోట దీవిలోని సర్వి కట్టెలు మద్రాసు పొయ్యిలకు చేరింది ఈ దారినే. స్వాతంత్ర్యానంతరం రోడ్లు మెరుగుపడి లారీలు గుమ్మం వద్దకే సరకు చేర్చడంతో పోటీ తీవ్రమైంది.

అసలు పతనం 1965, 1966 తుపాన్లతో మొదలైంది. కట్టలు తెగాయి, మేటలు పడ్డాయి, లాకులు దెబ్బతిన్నాయి. అప్పటికే రాబడి తగ్గిన కాలువపై భారీగా ఖర్చు చేసేందుకు ఎవరూ ముందుకు రాలేదు. పూర్తి స్థాయి మరమ్మతు జరగకపోవడంతో పడవలు తగ్గాయి. పడవలు తగ్గడంతో మరమ్మతు అవసరమే లేదన్న వాదన బలపడింది. ఒకదానికొకటి కారణమై కాలువ మూలనపడింది. తరువాతి దశాబ్దాల్లో పల్లెలకు రాకపోకల కోసం పలుచోట్ల తక్కువ ఎత్తు వంతెనలు వెలిశాయి. 1990లలో చెన్నై నగరంలో ఎత్తయిన రైలు మార్గం స్తంభాలను ఏకంగా కాలువలోనే నిలబెట్టారు. తీరప్రాంతంలో రొయ్యల సాగు విస్తరించడంతో గుంటలకు నీరు తోడుకునేదీ, వాడిన నీరు వదిలేదీ ఈ కాలువే అయింది. కట్ట మీది బాట చాలాచోట్ల పొదల్లో కలిసిపోయింది.

సునామీ నేర్పిన పాఠం

పడవ లేని కాలువతో పనేమిటన్న ప్రశ్నకు 2004 డిసెంబరు 26 సమాధానం చెప్పింది. ఆనాటి సునామీ అలలు తీరాన్ని దాటి వచ్చినప్పుడు, పెదగంజాం నుంచి చెన్నై వరకు చాలాచోట్ల ఆ నీరు ముందుగా కాలువను నింపింది. తీరం దాటిన నీటికి చోటు దొరికి ఉద్ధృతి తగ్గింది. కొద్ది నిమిషాల్లోనే నీరు తిరిగి వెనక్కి మళ్లింది. కాలువకు పడమట ఉన్న ఊళ్లకు అది కందకంలా పనిచేసింది. భారీ వర్షాలకు పొలాల నీరు బయటకు పోయేందుకూ ఈ కాలువే దారి. ముఖద్వారాలు పూడుకుపోయినప్పుడు ఆ నీరు దిగక పైర్లు రోజుల తరబడి మునిగి ఉండడం తీర మండలాల రైతులకు అనుభవమే. అంటే పడవ కోసం తీసిన పూడిక రైతుకూ, మత్స్యకారుడికీ మేలు చేసేది. పడవ పోయాక ఆ మేలును అడిగేవారు కరవయ్యారు.

పులికాట్‌లో మిగిలిన గుర్తులు

దక్షిణాన ఈ కాలువ దారి కలిసే పులికాట్, చిలికా తరువాత దేశంలోనే అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సగటు లోతు మీటరుకు అటూ ఇటూ. చదును అడుగు పడవ, గెడ, గాలి ఇక్కడ ఎంత అవసరమో సరస్సును చూస్తే బోధపడుతుంది. సరస్సులోని ఇరకం వంటి దీవుల ప్రజలకు పడవే బాట. ఈశాన్య వర్షాల తరువాత నిండుగా ఉండే నీరు వేసవికి వెనక్కి తగ్గుతుంది. సముద్ర ముఖద్వారాల్లో ఇసుక మేట వేసినప్పుడు పోటు లోనికి రాదు. పోటు రాకపోతే నీరూ తగ్గుతుంది, రొయ్య, చేపల రాకా తగ్గుతుంది. పడవ కదలాలన్నా, వల నిండాలన్నా ముఖద్వారం తెరచి ఉండాలన్నది సరస్సుపై ఆధారపడిన ప్రతి కుటుంబానికీ తెలిసిన సత్యం.

జలమార్గం ప్రకటన.. మిగిలిన పని

2008లో పార్లమెంటు చేసిన చట్టంతో కాకినాడ, పుదుచ్చేరి మధ్య కాలువలు, గోదావరి, కృష్ణా నదుల్లోని కొన్ని భాగాలు కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా గుర్తింపు పొందాయి. 2016 చట్టంలో దాని పరిధిని మరింత విస్తరించారు. 2017 అక్టోబరులో అప్పటి ఉపరాష్ట్రపతి, నెల్లూరు జిల్లాకు చెందిన వెంకయ్యనాయుడు కృష్ణా నదిపై ముక్త్యాల, విజయవాడ భాగంలో తొలిదశ పనులకు శంకుస్థాపన చేశారు. నదిలో పని మొదలుపెట్టడం సులువు. కాలువ సంగతి వేరు. నదికి వెడల్పు ఉంది, లోతు ఉంది. కాలువకు ఉన్నవన్నీ మనిషి ఏర్పరచినవే. మనిషి వదిలేస్తే అవి మిగలవు.

తెరచాప తిరిగి వస్తుందని ఎవరూ ఆశించరు. రేపటి పడవకు ఇంజను ఉంటుంది. ఇంజనుకు ఎదురుగాలి లెక్కలేదు, తాడు లాగే బాటతోనూ పనిలేదు. కానీ ఇంజను పడవకూ నీటి లోతు కావాలి, పోటును పట్టి ఉంచే లాకు కావాలి, వంతెన కింద ఎత్తు కావాలి, కట్ట తెగకుండా ఉండాలి. గాలి ఒక్కటి మినహా ఆనాటి షరతులన్నీ నేటికీ వర్తిస్తాయి. మొదట కాలువ హద్దులు సర్వే చేసి రాళ్లు నాటడం, నదీముఖాల వద్ద పూడిక తీయడం, లాకుల స్థితిని పరిశీలించడం, కొత్తగా కట్టే ఏ వంతెన అయినా పడవ దూరేంత ఎత్తులో ఉండేలా చూడడం.. ఇవి చేయనిదే పడవ మాట కాగితానికే పరిమితమవుతుంది. ఇవి చేస్తే, పడవ రావడం ఆలస్యమైనా వరద నీరు దిగుతుంది, చేప పిల్ల లోనికి వస్తుంది, తుపాను రోజున తీరపు ఊరికి ఒక కందకం నిలుస్తుంది. సంబంధిత శాఖలు ఆ దిశగా దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

జలమార్గంలో ఏ భాగం ఎంత? (2008 చట్టం పరిధి)

* కాకినాడ కాలువ: 50 కి.మీ.
* ఏలూరు కాలువ: 139 కి.మీ.
* కొమ్మమూరు కాలువ: 113 కి.మీ.
* ఉత్తర బకింగ్‌హాం కాలువ (పెదగంజాం - చెన్నై): 316 కి.మీ.
* దక్షిణ బకింగ్‌హాం కాలువ (చెన్నై - మరక్కాణం): 110 కి.మీ.
* కలువెల్లి చెరువు: 22 కి.మీ.
* గోదావరి (భద్రాచలం - రాజమహేంద్రవరం): 171 కి.మీ.
* కృష్ణా (వజీరాబాద్ - విజయవాడ): 157 కి.మీ.